ఉద్యమ్, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉన్నాక మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ కూడా కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరూ మీ ఆవిడా కలిసి మున్సిపాలిటీ పరిధిలో కర్రీ పాయింట్ పెట్టబోతున్నారు. ఇళ్ల మధ్య ఉన్న ఒక బిల్డింగులో కింది షట్టర్ చూసుకుని టోకెన్ అడ్వాన్స్ ఇచ్చారు. అగ్రిమెంట్ ఇంకా రాయలేదు. ఉద్యమ్ సర్టిఫికెట్, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేతికొచ్చాయి. ఇప్పుడు పక్క షాపాయన ట్రేడ్ లైసెన్స్ లేకపోతే మూసేస్తారని భయపెట్టాడు. ఒక ఏజెంటేమో అన్నీ కలిపి తానే చేసిపెడతానంటున్నాడు. అది నిజంగా అవసరమా, ఏజెంటుకి అప్పగిస్తే సరిపోతుందా అని అడిగారు.

అవసరమే. ఉద్యమ్ గానీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ గానీ, జీఎస్టీ గానీ ట్రేడ్ లైసెన్స్‌కి బదులు కావు. అయితే మీ పరిస్థితిలో లైసెన్స్ అప్లికేషన్ కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. మీరు తీసుకుంటున్న ఆ షట్టర్‌కి అసలు లైసెన్స్ వచ్చే అవకాశం ఉందా లేదా అన్నది. అది తేలకుండా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి, మిగతా అడ్వాన్స్ ఇవ్వకండి. పొయ్యిలు, ఫ్రిజ్, బోర్డు అసలే కొనకండి.

నేను మున్సిపల్ ప్రజారోగ్య విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెలిసినవాళ్లు షాపు పెట్టుకుంటుంటే కాగితాలు చూసిపెడుతుంటాను. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అప్లికేషన్ తప్పుగా నింపడం వల్ల వచ్చినవి కావు. జాగా ఎంపిక దగ్గరే మొదలయ్యాయి. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, ఇన్ని కాగితాలు ఎందుకో చూద్దాం. ఉద్యమ్ అంటే మీది చిన్న పరిశ్రమ అని కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం. బ్యాంకు లోన్లకి, పథకాలకి పనికొస్తుంది. జీఎస్టీ పన్నుకి సంబంధించినది. ఎఫ్ఎస్ఎస్ఏఐ మీరు అమ్మే ఆహారం భద్రతకి సంబంధించినది. ట్రేడ్ లైసెన్స్ మాత్రం ఫలానా డోర్ నంబర్‌లో ఫలానా పని చేసుకోవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే అనుమతి. మీరు ఎవరన్నదాని కంటే, ఎక్కడ ఏం చేస్తున్నారు, దానివల్ల చుట్టుపక్కలవాళ్లకి పొగ, మురుగు, చప్పుడు, అగ్నిప్రమాదం లాంటి ఇబ్బంది ఉంటుందా అన్నదే అందులో చూస్తారు. పాత మున్సిపల్ ఉద్యోగులు దీన్ని ఇప్పటికీ డీ అండ్ ఓ లైసెన్స్ అనే అంటారు. డేంజరస్ అండ్ అఫెన్సివ్ ట్రేడ్స్ అన్న పాత జాబితా నుంచి వచ్చిన పేరది. లైసెన్స్ ఫైలు చాలాచోట్ల రెవెన్యూ సెక్షన్‌కి కాకుండా శానిటరీ ఇన్‌స్పెక్టర్, మెడికల్ ఆఫీసర్ ఉండే హెల్త్ సెక్షన్‌కి వెళ్లేది కూడా అందుకే.

చట్టం సంగతికొస్తే, హైదరాబాద్‌కి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో సెక్షన్ 521 ఉంది. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీలకి 1965 చట్టంలో సెక్షన్ 263 ఉంది. తెలంగాణలో మిగతా మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు 2019 మున్సిపాలిటీల చట్టం కిందికి వస్తాయి. హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, పిండి మిల్లులు, కట్టెల అడితీలు, బేకరీలు, లాండ్రీలు, గోడౌన్లు ఇలా పెద్ద జాబితాలే ఉంటాయి. వంట చేసి అమ్మే పని ఎక్కడైనా జాబితాలో ఉండేదే. కాబట్టి కర్రీ పాయింట్ చిన్నది కదా, రెండు పొయ్యిలే కదా అన్న వాదన నిలబడదు.

"లైసెన్స్ ఫీజు కడుతున్నాం, బదులుగా మున్సిపాలిటీ మాకేం చేస్తోంది?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సికింద్రాబాద్, హైదరాబాద్ హోటల్ యజమానుల సంఘం, హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ మధ్య నడిచిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ విషయం చర్చించింది. ప్రత్యేకంగా సేవ చేసినందుకు వసూలు చేసే ఫీజు వేరు, వ్యాపారాన్ని నియంత్రించడానికి వసూలు చేసే లైసెన్స్ ఫీజు వేరు. రెండో రకం ఫీజుకి ఇంత కట్టాం కాబట్టి ఇంత సేవ రావాలన్న లెక్క తప్పనిసరి కాదు. కాబట్టి మా వీధిలో చెత్తబండి రావడం లేదు, ఫీజు కట్టం అంటే లైసెన్స్ విషయంలో అది పనిచేయదు. చెత్త గురించి వేరేగా ఫిర్యాదు చేయండి, తప్పకుండా చేయండి.

ఇక మీ షట్టర్ దగ్గరికి వద్దాం. ఇంటి ఓనర్‌ని మూడు కాగితాలు అడగండి: ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, బిల్డింగ్ ప్లాన్ కాపీ. ఇవ్వడానికి ఆయన తటపటాయిస్తే మీకు సగం సమాధానం అక్కడే దొరికినట్టు.

ఆస్తి పన్ను రసీదు. లైసెన్స్ అప్లికేషన్‌లో ఆ ఆస్తి అసెస్‌మెంట్ నంబర్ వేయాలి. హైదరాబాద్‌లో దాన్ని పీటీఐఎన్ అంటారు. ఆ రికార్డులో మీ షట్టర్ నివాసంగా ఉందా, వాణిజ్యంగా ఉందా చూడండి. కింద షట్టర్లు వేసి అద్దెకిస్తూ, పన్ను మాత్రం మొత్తం ఇల్లుగానే కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ట్రేడ్ లైసెన్స్‌కి అప్లై చేయగానే ఆ తేడా బయటపడుతుంది, ఓనర్‌కి పన్ను పెరుగుతుంది. అప్పుడు ఆయన మీ మీద కోపం తెచ్చుకుంటాడు. నేను చూసిన ఒక కేసులో ఒకామె ఇలాగే షట్టర్ తీసుకుని బొటిక్ పెట్టుకుంది. లైసెన్స్‌కి అప్లై చేస్తానంటే ఓనర్ ఒప్పుకోలేదు. లైసెన్స్ లేదని నోటీసు వస్తే ఓనర్ తనకేమీ సంబంధం లేదన్నాడు. చివరికి ఆమె ఇంటీరియర్‌కి పెట్టిన ఖర్చంతా వదులుకుని వేరే చోటికి మారింది. ఆ ఖర్చు ఎవరూ తిరిగివ్వరు. పాత పన్ను బకాయిలు ఉన్నాయేమో కూడా రసీదులోనే చూసుకోండి. బకాయి ఉన్న ఆస్తి మీద లైసెన్స్ ఫైలు నత్తనడకన నడుస్తుంది.

కరెంటు బిల్లు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ దెబ్బ పెద్దదే తగులుతుంది. బిల్లు మీద కేటగిరీ చూడండి. ఒకటో కేటగిరీ ఇంటి వాడకానికి, రెండోది వ్యాపారాలకి. ఇంటి మీటరు నుంచి షాపుకి వైరు లాగి నడిపితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 ప్రకారం అది అనధికార వాడకం. పట్టుకుంటే వర్తించే టారిఫ్‌కి రెండింతల చొప్పున లెక్క కడతారు. ఎప్పటినుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకి వేస్తారు. ఫ్రిజ్‌లు, మిక్సీలు, గ్రైండర్ నడిచే కర్రీ పాయింట్‌కి అది చిన్న మొత్తం కాదు. మీ షట్టర్‌కి విడిగా రెండో కేటగిరీ మీటరు ఉండాలి, లేదా ఓనర్ పెట్టించి ఇవ్వాలి. అది అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

బిల్డింగ్ ప్లాన్. ప్లాన్‌లో కింద పార్కింగ్ అని చూపించి, తర్వాత గోడ కట్టి షట్టర్ దింపిన బిల్డింగులు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట షాపు పెడితే రేపు టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి సీల్ వేయొచ్చు. నా దగ్గర ట్రేడ్ లైసెన్స్ ఉంది కదా అని మీరు చూపించినా ఉపయోగం ఉండదు. ట్రేడ్ లైసెన్స్ ఇచ్చినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం అయిపోదు. హెల్త్ సెక్షన్ ఇచ్చే అనుమతి వేరు, టౌన్ ప్లానింగ్ చూసేది వేరు. ప్లాన్ కాపీ చూసి అర్థం కాకపోతే మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్లి ఆ డోర్ నంబర్ చెప్పి అడగండి. లేదా లైసెన్స్ ఉన్న ఇంజినీరుకి చూపించండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధి నివాస జోన్‌లో ఉంటే వంట వ్యాపారానికి అనుమతి ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. నివాస జోన్‌లో కిరాణా, మందుల షాపు లాంటి రోజువారీ అవసరాల షాపులకి ఉండే వెసులుబాటు, పొగా నూనె ఘాటూ వచ్చే పనికి అన్నిసార్లూ ఉండదు.

ఈ మూడూ సరిగ్గా ఉంటే సగానికి పైగా పని అయిపోయినట్టే. తర్వాత తనిఖీకి వచ్చే శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏం చూస్తాడో చెబుతాను. ఇది నేను చేసిన ఉద్యోగమే.

మొదట మురుగు. వంటపాత్రలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కనెక్షన్ ఉందా, లేక రోడ్డు పక్క కాలవలోకి వదిలేస్తున్నారా? కర్రీ పాయింట్ నుంచి వచ్చే నూనె, జిడ్డు, అన్నం మెతుకులు కాలవని తొందరగా మూసేస్తాయి. సింక్ దగ్గర జాలీ, దాని తర్వాత జిడ్డు ఆగే చిన్న తొట్టి పెట్టించండి. ఖర్చు తక్కువే. వానాకాలం మొదటి జల్లుకే పక్కింటివాళ్ల గుమ్మంలోకి నీళ్లు వస్తే ఫిర్యాదు మీ మీదే వెళుతుంది. తర్వాత పొగ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కింటి కిటికీ వైపు పెట్టకండి. పైకప్పు దాటేలా గొట్టం వేయించండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు తినుబండారాల షాపుల మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పై అంతస్తులో ఉండేవాళ్ల నుంచే. పోపు ఘాటుకి ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు దగ్గుతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు! షాపు తెరవకముందే పైవాళ్లతో ఒకసారి మాట్లాడండి.

పొయ్యి షట్టర్ లోపలే ఉండాలి. ఫుట్‌పాత్ మీద పొయ్యి, రోడ్డు మీద టేబుల్ పెడితే లైసెన్స్ ఉన్నా ఫైన్ వేస్తారు, సామాను ఎత్తుకెళ్తారు. లైసెన్స్ షట్టర్ లోపలి జాగాకే వర్తిస్తుంది, బయటికి కాదు.

గ్యాస్ గురించి కచ్చితంగా చెప్పాలి. ఇంటి సిలిండర్, అంటే 14.2 కిలోలది, వ్యాపారానికి వాడకూడదు. వాణిజ్య సిలిండర్ 19 కిలోలది. ప్రత్యేక స్టోరేజీ లైసెన్స్ లేకుండా 100 కిలోల గ్యాస్ వరకే ఉంచుకోవచ్చు. అంటే 19 కిలోలవి ఐదు. మీకు అన్ని అవసరం ఉండవు గానీ, పండగ ఆర్డర్లని చెప్పి పోగేసేవాళ్లని చూశాను. ఉన్న వాటిని మెట్ల కింద, జనం నడిచే దారిలో పెట్టకండి. పైన కుటుంబాలు ఉంటున్న బిల్డింగ్ అది. ఫైర్ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం, మీ ఒక్క షట్టర్‌కి అడగరు. అది పెద్ద బిల్డింగులకి, అంటే 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలు, ఫంక్షన్ హాళ్ల లాంటి వాటికి సంబంధించినది. అయినా మంటలార్పే సిలిండర్ ఒకటి పొయ్యికి దగ్గరగా, చేతికందేలా పెట్టుకోండి.

తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా రెండు డబ్బాలు ఉండాలి. ప్లాస్టిక్ కవర్ల విషయంలో కర్రీ పాయింట్లకి తరచూ ఫైన్ పడుతుంది. 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. వేడి సాంబారు పలుచటి కవర్లో పోసి ఇవ్వడం ఆరోగ్యానికీ మంచిది కాదు. స్టీలు డబ్బా తెచ్చుకున్నవాళ్లకి ఒక గరిటె ఎక్కువ వేయండి, వాళ్లే మళ్లీ తెచ్చుకుంటారు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ మీకు ఇప్పటికే వచ్చింది కాబట్టి దాని గురించి రెండు ముక్కలే. ఆ సర్టిఫికెట్‌లో అడ్రసు ఏమిచ్చారో చూసుకోండి. మీరు షట్టర్ ఖాయం కాకముందే తీసుకున్నారంటే బహుశా ఇంటి అడ్రసు ఇచ్చి ఉంటారు. షాపు అడ్రసుకి మార్పించుకోవాలి. బిల్లు ఇస్తే దాని మీద ఆ నంబరు వేయాలని 2022 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. వంట చేసేవాళ్లకి, వడ్డించేవాళ్లకి ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోండి.

ఫీజు ఎంత అని మీరు అడగలేదు గానీ తప్పకుండా వచ్చే సందేహమే. ఊరిని బట్టి, వ్యాపారం రకాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్ లాంటి చోట షాపు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి చదరపు అడుగుకి ఇంత అని వేస్తారు. ఉదాహరణకి మీ షట్టర్ 200 చదరపు అడుగులు, మీ రోడ్డుకి వర్తించే రేటు 4 రూపాయలు అనుకోండి, ఏడాదికి 800 అవుతుంది. దాని మీద ఇతర చిన్న చార్జీలు ఉండొచ్చు. ఆంధ్రలో చాలా మున్సిపాలిటీల్లో వ్యాపారం వారీగా కౌన్సిల్ ఆమోదించిన రేట్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టిక చూపించమని అడగడానికి మీకు పూర్తి హక్కుంది. ఏజెంటు ఎంత చెప్పాడో మీరు రాయలేదు. ముందు అసలు ఫీజు ఎంతో తెలుసుకోండి, అప్పుడు ఆయన అడిగేది ఎంతవరకు న్యాయమో మీకే తెలుస్తుంది.

విస్తీర్ణం తక్కువ చూపించమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. తనిఖీలో టేపు పట్టి కొలిస్తే తేలిపోతుంది. ఏడాదికి మిగిలే కొద్ది రూపాయల కోసం తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర పడుతుంది.

అప్లికేషన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. హైదరాబాద్‌లో కార్పొరేషన్ వెబ్‌సైట్, తెలంగాణ, ఆంధ్ర మున్సిపాలిటీలకి వాటి సీడీఎంఏ (పురపాలక శాఖ కమిషనర్ కార్యాలయం) పోర్టళ్లు ఉన్నాయి. తెలంగాణలో మీసేవలో అడగొచ్చు, ఆంధ్రలో వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలవొచ్చు. ఆధార్, పాన్, ఫొటో, అద్దె అగ్రిమెంట్ లేదా ఓనర్ అంగీకార పత్రం, పన్ను రసీదు, షాపు ఫొటో సిద్ధం చేసుకోండి. ఫీజు ఆన్‌లైన్‌లో గానీ చలానా ద్వారా గానీ మాత్రమే కట్టండి. రసీదు లేకుండా చేతిలో డబ్బు పెట్టమంటే పెట్టకండి, అడిగినవాళ్లు ఎవరైనా సరే.

ఏజెంటుని పెట్టుకోవడం తప్పు కాదు. కానీ అప్లికేషన్లో మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి. దీని గురించి నేను అందరికీ ఒత్తి చెబుతాను. ఏజెంటు తన నంబరు ఇస్తే ఓటీపీలు, రెన్యువల్ మెసేజీలు, నోటీసులు అన్నీ ఆయనకే వెళ్తాయి. ఆయన ఫోన్ ఎత్తకపోతే మీ లైసెన్స్ మీ చేతిలో లేనట్టే. ఒక మెకానిక్ షెడ్డు అతనికి సరిగ్గా ఇదే జరిగింది. రెన్యువల్ గడువు మెసేజీ ఏజెంటు పాత సిమ్‌కి వెళ్లింది, ఆ ఏజెంటు ఊరు మారిపోయాడు, ఇతనికి తెలిసేసరికి పెనాల్టీ పడింది. ఇంకో మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. అన్నీ కలిపి ప్యాకేజీలో ఉద్యమ్‌కి కూడా ఫీజు చూపిస్తే ఆ ఏజెంటుతో జాగ్రత్త.

లైసెన్స్ గడువు కొన్నిచోట్ల డిసెంబరు 31తో, కొన్నిచోట్ల మార్చి 31తో ముగుస్తుంది. మీరు ఎప్పుడు తీసుకున్నా ఆ తేదీకే అయిపోతుంది, తీసుకున్న రోజు నుంచి ఏడాది కాదు. మీ కాగితం మీద ఉన్న తేదీ చూసుకుని నెల ముందే రెన్యువల్ కట్టేయండి. ఆలస్యానికి పెనాల్టీ ఉంటుంది. హైదరాబాద్‌లో గడువు దాటితే ముందు 25 శాతం, ఇంకా దాటితే 50 శాతం వేసే పద్ధతి ఉంది. షాపు ఎత్తేసినప్పుడు లైసెన్స్ రద్దు చేయమని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అలా చేయకపోతే మీ పేరు మీద ఏటా డిమాండ్ పడుతూనే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత వేరే షాపు పెట్టుకుందామని వెళ్తే ఆ బకాయి ఎదురొస్తుంది.

మీకు సూటిగా సంబంధం లేకపోయినా, ఇది చదివే ఇతరుల కోసం ఇంకొన్ని రాస్తాను.

నడుస్తున్న హోటలో టిఫిన్ సెంటరో గుడ్‌విల్ ఇచ్చి తీసుకునేవాళ్లు, "లైసెన్స్ అంతా ఉంది" అన్న మాట నమ్మి సంతోషపడొద్దు. ఆ లైసెన్స్ పాతాయన పేరు మీద ఉంది. దానంతట అది మీకు రాదు. పేరు మార్పుకి గానీ కొత్తదానికి గానీ అప్లై చేయాలి. ఆ లోపు ఏదైనా జరిగితే లైసెన్స్ లేకుండా నడుపుతున్నది మీరే. పాత బకాయిలు తీర్చాకే డబ్బు చేతులు మారాలి.

పిండి మిల్లు, పసుపు కారం ఆడించే యంత్రం, చెక్క పని లాంటివి పెట్టేవాళ్లు మోటారు ఎన్ని హార్స్ పవరో కూడా చెప్పాలి. యంత్రాలు బిగించడానికి విడిగా అనుమతి ఉంటుంది. ఇళ్ల మధ్య చప్పుడు, దుమ్ము మీద ఫిర్యాదు వస్తే మీరు ఎంత ఫీజు కట్టినా ఇబ్బందే. ఒక పిండి మిల్లు యజమాని పునాది కింద రబ్బరు దిమ్మెలు వేయించి, రాత్రి 8 దాటాక నడపనని పక్కవాళ్లకి రాసిచ్చి గొడవ తీర్చుకున్నాడు. అది మంచి పద్ధతి. మందుల షాపుకి డ్రగ్ లైసెన్స్ వచ్చినా ట్రేడ్ లైసెన్స్ వేరే. ఒకే పేరుతో రెండు బ్రాంచీలుంటే రెండు లైసెన్సులు. వెనక వీధిలో గోడౌన్ ఉంటే దానికీ అడుగుతారు.

మీరుండేది గ్రామ పంచాయతీ అయినా లైసెన్స్ తప్పదు. ఆంధ్రలో 1994, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టాల కింద పంచాయతీ కార్యదర్శి దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. పట్టణాల చుట్టూ ఉన్న పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలుస్తున్నాయి కాబట్టి, మీ డోర్ నంబరు ఈ రోజు ఎవరి పరిధిలో ఉందో ఒకసారి కనుక్కోండి.

తోపుడు బండి వాళ్లకి దారి వేరు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. టౌన్ వెండింగ్ కమిటీ సర్వే చేసి వెండింగ్ సర్టిఫికెట్ ఇస్తుంది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా అప్పటికే అమ్ముకుంటున్నవాళ్లని ఖాళీ చేయించకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఇది తెలియక భయంతో బండి వదిలేసుకున్నవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మీకు తెలిసిన బండివాళ్లు ఉంటే ఈ మాట చెప్పండి.

మీకు కావాల్సిన మిగతావి త్వరగా చెప్పేస్తాను. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కార్మిక శాఖ చూస్తుంది, మున్సిపాలిటీ కాదు. పనివాళ్లని పెట్టుకుంటే దాని సంగతి అక్కడ అడగండి. బోర్డు మీద షాపు పేరు తెలుగులో ఉండేలా రాయించండి. కూరలు తూకం వేసి అమ్మితే ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ స్టాంపింగ్ కావాలి. వండిన ఆహారం అమ్మడం జీఎస్టీలో సేవ కిందికి వస్తుంది, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలకి మించి వేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు, ఎవరైనా అంతకంటే ఎక్కువ చెబితే రసీదు, జీవో చూపించమనండి.

అద్దె అగ్రిమెంట్‌లో ఈ మాటలు ఉండేలా చూసుకోండి: ఈ షట్టర్‌ని కర్రీ పాయింట్‌గా వాడుకోవడానికి ఓనర్ ఒప్పుకుంటున్నారు. ట్రేడ్ లైసెన్స్‌కి కావాల్సిన పన్ను రసీదు, అంగీకార పత్రం ఇస్తారు. వాణిజ్య మీటరు పెట్టిస్తారు. ఆస్తి పన్ను వాణిజ్యానికి మారితే ఆ తేడా ఫలానావాళ్లు భరిస్తారు. బిల్డింగ్ లోపం వల్ల లైసెన్స్ రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా తిరిగిస్తారు. పన్ను తేడాలో కొంత మీరు భరిస్తానంటే చాలామంది ఓనర్లు మెత్తబడతారు. నెలకి లెక్కేస్తే అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. ఏడాది దాటే లీజు అయితే రిజిస్టర్ చేయించడం తప్పనిసరి.

ఈ ఆఖరి అడ్వాన్స్ షరతుకి ఓనర్ అస్సలు ఒప్పుకోకపోతే, టోకెన్ డబ్బు పోయినా సరే ఆ షట్టర్ వదిలేయమంటాను. ఇంకోటి దొరుకుతుంది.

షాపు మొదలయ్యాక నోటీసు వస్తే టెన్షన్ పడి షట్టర్ దించేయకండి. నోటీసులో ఏ సెక్షన్, ఎన్ని రోజుల గడువు రాశారో చదవండి. గడువులోపు జవాబు రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. అప్లికేషన్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "కుదరదు" అంటే ఊరుకోవద్దు. కారణం తెలిస్తేనే కదా సరిచేసుకునేది. కమిషనర్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అప్పటికీ స్పందన లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో మీ ఫైలు నోట్ కాపీలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఫైలు ఏ టేబుల్ మీద ఏ తేదీ నుంచి ఆగిందో ఆ కాపీల్లో కనిపిస్తుంది. ఆ తేదీలు చూపిస్తూ రెండోసారి అర్జీ పెట్టినవాళ్ల ఫైళ్లు కదలడం నేను ఆఫీసులో కూర్చుని చూశాను.